రిమార్కుల గడి

కర్నూలు పాతబస్తీలో
తుంగభద్ర గాలి తగిలేంత దూరంలో
ఒక రాతి కమాను ఉంది.
ఫైల్లో దాని పేరు అడ్డంకి నెంబరు నాలుగు.
నేను మద్దిలేటిని, టౌన్ ప్లానింగ్‌లో చైన్‌మన్ని.
పదహారేండ్ల సర్వీసు,
జేబులో చాక్‌పీసు, సంచిలో ఎర్ర పెయింటు డబ్బా.

టేపు రెండో కొస పట్టుకున్నది తాళాల ఇమాంసాబు.
కమాను గూట్లో ఆయన అంగడి.
గూటికి తలుపు లేదు, లోపల తాళాలు మాత్రం నూటాయాభై.
"ఎంతొచ్చింది మద్దిలేటీ?"
"ఆరడుగుల నాలుగంగుళాలు."
"మా జేజినాయన పెండ్లికి దీంట్లో ఏనుగు దూరిందంట."
"అంబులెన్సు దూరలేదు కద సామీ."
ఆయన కొస వదిలేసినాడు.
టేపు నా వేలు కోసుకుంటా సర్రున లోపలికి పోయింది.

దూరలేదు. నిజమే.
పోయిన ఆషాఢంలో సుంకులమ్మ నొప్పులతో
మంచం మీదనే కమాను దాటింది.
అవతల సైరన్ అరుస్తాంటే
ఇవతల నలుగురు కోళ్లు పట్టుకోని ఉరికినారు.
బిడ్డ బతికింది.
రోడ్డు కావాలన్న అర్జీ మీద
మొదటి వేలిముద్ర ఆ తల్లిదే.

అదే కమాను నెత్తిన
రెండువేల తొమ్మిదిలో, ఏరు వీధిలోకొచ్చిన రాత్రి
పదిహేడు మంది కూసున్నారు,
ఒక మేక, ఒక కుట్టుమిషను.
ఆ మేకను ఎవరు పైకెక్కించినారో
ఇప్పటికీ తగాదానే.
బురద గీత ఇంకా రాతి మీద ఉంది,
చెయ్యెత్తినా నాకందదు.
దాని కింద నా ఎర్ర గీత పడాల.
ఏరు గీసినదానికి సంతకం లేదు.
నాదానికి మూడు కావాల.

మీటింగు జరిగింది.
మ్యాపు చుట్టుకుపోకుండా
రెండు మూలలు అదిమిపట్టుకోని నిలబడినా.
ఒకాయన చరిత్ర అన్నాడు,
ఫ్యాను మోతలో సగం వినబడలే.
ఒకామె సమోసా ప్లేటు పక్కకు జరిపి
పెన్సిలుతో మెత్తగా ఒక వంపు గీసింది.
కమాను ఉంటుంది, రోడ్డు పక్కనుంచి పోతుంది.
అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది,
ఆ వంపు కింద ఏముందో గుర్తొచ్చేదాకా.
మ్యాపులో అక్కడ ఖాళీ.
వీధిలో పద్నాలుగు ఇండ్లు, పరకలు కట్టేవాళ్లవి.
పట్టా లేదు, పన్ను రసీదు లేదు,
ఏ రాతి మీదా వాళ్ల తాతల పేర్లు చెక్కి లేవు.
కమానుకు నాలుగొందల ఏండ్లుండాయి.
వాళ్లకు కరెంటు బిల్లుంది.

తెల్లారకముందే మళ్లీ పోయినా.
ఈసారి రాయి నుంచి రాయికి కొలిచినా.
పదకొండడుగులు.
ఏనుగు మాట నిజమే కావచ్చు.
మిగతాది తిన్నదెవరని చూస్తే
ఎడమపక్క కరెంటోళ్ల స్తంభం,
కాలికి సిమెంటు బూటు తొడుక్కోని.
కుడిపక్క మా మునిసిపాలిటీ కాలవ మూత,
రోడ్డుకు జానెడు మీదికి.
దాన్నానుకోని ఇనప కాళ్ల నీలం బోర్డు:
ఈ కట్టడం రక్షితము, పాడుచేసినవారు శిక్షార్హులు.
ఇమాంసాబు బోసినోటితో నవ్వినాడు.
"తాళం బాగనే ఉందబ్బా.
చెవి దూర్చే బొక్కలో ఎవురో పుల్ల ఇరికించినారు."

రిమార్కుల గడి అంగుళం వెడల్పు.
చీమతలల అక్షరాలతో నింపినా:
స్తంభము జరిపి, మూత దించి, బోర్డు పీకినచో
వాహనము పోవును. ఇండ్లు తీయ పనిలేదు.
"నీ పని కొలతలు, ఉపాయాలు కాదు" అన్నాడు మా సారు.
అంటానే ఫైలు మీద సంతకం చేసినాడు.

మూడు నెలలైంది.
కరెంటోళ్ల జవాబు రావాల.
సంచిలో పెయింటు గడ్డ కట్టింది.
సుంకులమ్మ నన్ను చూసి మొగం తిప్పుకుంటాంది,
తప్పు పట్టలేను.

నిన్న పొద్దుగూకే యాళకు ఆ దారిన పోతాంటే
ఇమాంసాబు బోర్డు కాళ్ల దగ్గర గొంతు కూచోని
బోల్టులకు చుక్కచుక్క నూనె పోస్తాండాడు.
"ఇదేం పని సామీ?"
తల ఎత్తలే.
"పీకే దినానికి తుప్పు సాకు చెప్తారు,
నాకు తెలీదా."